శని ఎవరికి నడుస్తోంది?

"అన్నయ్యకి ఏలినాటి శని నడుస్తోందిరా. వాడి మాటలు మనసులో పెట్టుకోకు."

అమ్మ నాతో ఈ మాట అన్నది 2012 కార్తీక మాసంలో, ఒక శనివారం సాయంత్రం. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని నల్లగుడ్డ ముక్కలో చిటికెడు నువ్వులు పోసి మూట కడుతోంది. పక్కనే మట్టి ప్రమిద, నువ్వులనూనె సీసా. చీకటి పడేలోగా వీధి చివరి గుడికి వెళ్లి నవగ్రహాల దగ్గర ఆ మూటతో దీపం వెలిగించి రావాలి. మాట్లాడుతూనే ముడి రెండుసార్లు విప్పి మళ్లీ గట్టిగా కట్టింది.

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. అన్నయ్యకీ నాకూ మాటలు ఆగిపోయి నాలుగు నెలలు. నాన్న సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక ఇంటి వాటా దగ్గర మాటా మాటా పెరిగింది. నాన్న మంచంలో ఉన్నప్పుడు ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అనే లెక్క బయటికొచ్చింది. ఆ లెక్క తీసింది నేను. బంధువుల ముందు అన్నయ్యని అనకూడని మాట అన్నదీ నేనే. తను ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అలాంటప్పుడు అమ్మ శనిని అన్నయ్య లెక్కలో ఎందుకు వేసిందో నేను అడగలేదు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. తప్పు అన్నయ్యదీ కాదు, నాదీ కాదు, పైనెక్కడో తిరుగుతున్న గ్రహానిది అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఆ హాయి మంచిదేనా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

ఏలినాటి శని మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ రాశిలో ఉంటే అది మన జన్మరాశి. శని దానికి వెనక రాశిలో అడుగుపెట్టింది మొదలు, జన్మరాశిని దాటి, ఆ పై రాశిని కూడా దాటేవరకు ఏలినాటి శని. రాశికి రెండున్నర ఏళ్ల చొప్పున ఏడున్నర ఏళ్లు. శని ఒక చుట్టు పూర్తి చేయడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది కాబట్టి, నిండుగా బతికిన మనిషికి ఇది రెండుసార్లో మూడుసార్లో వస్తుంది. పెద్దవాళ్లు ఆ మూడింటికీ పేర్లు పెట్టారు. మొదటిది మంగు శని, రెండోది పొంగు శని, మూడోది మరణ శని. చిన్న వయసులో వచ్చేది ముఖంలో కళ తీసేస్తుంది. నడివయసులో వచ్చేది పాలు పొంగినట్టు సంపదనీ పొంగిస్తుంది, చికాకులనీ పొంగిస్తుంది. చివరిది తీసుకుపోతుంది. గ్రహాన్ని పక్కనపెట్టి ఈ మూడు పేర్లను మళ్లీ చదివితే మనిషి బతుకు మూడు ముక్కల్లో కనిపిస్తుంది. పడుచుతనంలో ఎటు వెళ్లాలో తెలియని దిగులు, నడివయసులో మీద పడే బరువులు, ముసలితనంలో సెలవు తీసుకోవడం. ఈ పేర్లు పెట్టినవాళ్లు ఆకాశాన్ని ఎంత చూశారో, ఇంట్లో మనుషులనూ అంతే చూశారు.

మన వాళ్లు జీవితాన్ని ఎప్పుడూ మలుపులుగానే లెక్కపెట్టారు. వింశోత్తరి దశల్లో కేతువుకి 7 ఏళ్లు, శుక్రుడికి 20, రవికి 6, చంద్రుడికి 10, కుజుడికి 7, రాహువుకి 18, గురువుకి 16, శనికి 19, బుధుడికి 17. అన్నీ కలిపితే 120. ఎవరి బతుకూ ఒకే రంగులో ఉండదు, ఒక దశ పోయి ఇంకో దశ వస్తుంది అని ఆ పట్టిక చెబుతుంది. గురువు చుట్టు సుమారు 12 ఏళ్లు, శనిది సుమారు 30. ఇద్దరూ మనం పుట్టిననాటి చోటుకి ఇంచుమించు కలిసి తిరిగొచ్చేది అరవయ్యో ఏట. అప్పుడే మనం పుట్టిన సంవత్సరం పేరూ తిరిగొస్తుంది. షష్టిపూర్తి అందుకే. ఎనభై దాటాక వెయ్యి పున్నములు చూసిన మనిషికి సహస్ర చంద్ర దర్శన శాంతి చేస్తారు. ఇవన్నీ నాకు ఇష్టమైన లెక్కలు. మనిషి వయసును ఆకాశంతో ముడివేసి చూసుకోవడంలో ఒక గౌరవం ఉంది.

అయితే లెక్క పూర్తయితే మనిషి కూడా పూర్తవుతాడా? షష్టిపూర్తి పీటల మీద దండ వేసుకుని కూర్చుని, గుమ్మంలోకి వచ్చిన సొంత తమ్ముడి వంక చూడకుండా తల తిప్పుకున్న పెద్దమనిషిని నేను చూశాను. రెండు చుట్లు తిరిగొచ్చిన శని కూడా ఆయన మెడను ఇటు తిప్పలేకపోయాడు. ఏళ్లు వాటంతట అవే వస్తాయి. పరిణతి అలా రాదు.

గ్రహం విషయానికొస్తే, శని సూర్యుడికి 143 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడని అర్థం. మందుడన్నా అదే. నిజానికి ఆ గ్రహం సెకనుకి 10 కిలోమీటర్లకి కాస్త తక్కువ వేగంతో పరుగెడుతోంది. మెల్లగా నడుస్తున్నట్టు కనిపించేది మనం ఇంత దూరం నుంచి చూస్తున్నందుకే. మన ఇంట్లో ఎవరికి ఎవరితో మాట తేడా వచ్చిందో దానికి తెలిసే వీలు లేదు.

జాతకాన్ని పరీక్షకు పెట్టినవాళ్లూ ఉన్నారు. 2008లో పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్, మరికొందరు కలిసి 200 మంది పిల్లల జనన వివరాలు సేకరించారు. వందమంది చదువులో ముందున్నవాళ్లు. వందమంది మానసిక వైకల్యం ఉన్నవాళ్లు. వాటిలోంచి ఒక్కో జ్యోతిష్కుడికి 40 చొప్పున జాతకాలిచ్చి, ఏది ఏ వందమందిలోని వాళ్లదో చెప్పమంటే 27 మంది జవాబులు పంపారు. సగటున సరైనవి నూటికి 46. బొమ్మా బొరుసా వేసినా నూటికి 50 రావాలి. ఇంకొంచెం వెనక్కి వెళితే, 1962 ఫిబ్రవరిలో మకర రాశిలో అష్టగ్రహ కూటమి ఏర్పడింది. లోకం మునిగిపోతుందని దేశమంతా భయపడింది, ఊరూరా యజ్ఞాలు చేసింది. ఆ రోజులు గడిచాయి, లోకం అలాగే ఉంది. మొన్నటికి మొన్న, దృక్ పంచాంగాలు శని 2025 మార్చి 29న మీనంలోకి వచ్చాడన్నాయి. శని క్షేత్రంగా పేరున్న తిరునళ్లార్ ఆలయం వాక్య పంచాంగం ప్రకారం ఆ మార్పు 2026లో అని ప్రకటించింది. ఈ రెండు తేదీల మధ్య మేషరాశి మనిషి ఒకడు ఉద్యోగం పోగొట్టుకుని ఉంటే, ఒక పంచాంగం అతనికి ఏలినాటి శని మొదలైందంటుంది, ఇంకోటి ఇంకా రాలేదంటుంది. అతని కష్టం మాత్రం ఒక్కటే.

ఇంకో చిన్న లెక్క ఉంది. ఏ రోజు తీసుకున్నా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి శని ఉంటుంది. అంటే నలుగురిలో ఒకరికి. జన్మరాశికి నాలుగో చోట ఉండే అర్ధాష్టమ శని, ఎనిమిదో చోట ఉండే అష్టమ శని కూడా కలిపితే పన్నెండింట అయిదు రాశులు. బస్సులో మీ పక్కన కూర్చున్నావిడ, బ్యాంకులో మీ మీద విసుక్కున్న గుమాస్తా, మీ ఇంటికి పాలు పోసే అబ్బాయి, వీళ్లలో ఎవరో ఒకరికి ఇవాళ శని నడుస్తోంది. ఈ లెక్క వల్ల జ్యోతిషం నిజమని తేలదు. కష్టం నా ఒక్కడి ఇంటి తలుపే తట్టలేదని మాత్రం తెలుస్తుంది. ఎదగడం మొదలయ్యేది అక్కడే అని నాకనిపిస్తుంది.

మరి పరీక్షలో నిలవని నమ్మకం ఇన్ని తరాలు ఎలా నిలిచింది? జనం అమాయకులు అనేస్తే సరిపోదు. కోనసీమలో రావులపాలేనికి దగ్గర్లో మందపల్లి ఉంది. అక్కడి శివుడు మందేశ్వరుడు. శని ప్రతిష్ఠించిన లింగమని నమ్మకం. శనివారం నాడు త్రయోదశి కలిసొస్తే ఊరు పట్టనంత జనం వస్తారు. నూనె సీసాలు, నువ్వులు, నల్లగుడ్డ పట్టుకుని బారులు తీరతారు. అలాంటి వరసలో ఒకసారి నేనూ నిలబడ్డాను. ముందు ఒక రొయ్యల రైతు, వెనక ఇద్దరు పిల్లలతో ఒక తల్లి. ఎందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరి చేతులకీ నూనె జిడ్డు. అక్కడికి వచ్చినవాడు నాకు కష్టం వచ్చిందని నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదు. చేతిలో నూనె సీసా ఉంటే చాలు, పక్కవాడికి అర్థమవుతుంది. అది చిన్న ఓదార్పు కాదు.

ఓదార్పుతో పాటు ఒక గడువు కూడా దొరుకుతుంది. అప్పులో ఉన్నవాడికి, కాపురం చెదిరినవాడికి, బిడ్డను పోగొట్టుకున్నవాడికి కష్టం కంటే ఎక్కువ భయం దానికి అంతు లేకపోవడం. సిద్ధాంతి పంచాంగం తిరగేసి ఫలానా నెలలో శని వదులుతాడు, అంతవరకు ఓర్చుకో, పోతూ పోతూ మేలు చేసి పోతాడు అంటాడు. గడువు తెలిస్తే మనిషి ఎంత బరువైనా మోస్తాడు. ఆయన చెప్పే శాంతులు కూడా చూడండి. కొత్త పనుల్లో తొందరపడకు. నోరు అదుపులో పెట్టుకో. ముసలివాళ్లనీ నడవలేనివాళ్లనీ చూసుకో. పనివాళ్లని కసురుకోకు. కాకికి ఇంత అన్నం పెట్టు. ఇవి ఏడున్నర ఏళ్లు చేసిన మనిషి గ్రహం ఉన్నా లేకపోయినా ముందటికంటే మెరుగవుతాడు. నేను ఒప్పుకోని గ్రహం పేరు మీద నేను ఒప్పుకునే నడవడి నేర్పుతున్నప్పుడు, నా వాదం కాసేపు ఆపి వినాలనిపిస్తుంది.

అయినా ఆ హాయి సంగతి తేలలేదు. దాన్ని తేల్చుకోవడానికి నాకు నలుడి కథ సాయపడింది.

జనం నోట నలుణ్ని పట్టింది శని. వ్యాస భారతంలో అయితే కలి. పేరు ఏదైనా పట్టడం ఒకటే. జూదంలో అన్నీ పోగొట్టుకుని అడవిలో దిగులుగా ఉన్న ధర్మరాజుకి బృహదశ్వుడనే ముని ఈ కథ చెబుతాడు. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వ భాగంలోనే నలోపాఖ్యానం ఉంది. కలి పన్నెండేళ్లు కాచుకుని, ఒకనాడు నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన సందు చూసి అతనిలో దూరాడు. నలుడు తమ్ముడు పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. అడవిలో భార్యాభర్తలిద్దరికీ మిగిలిన ఒక్క బట్టలో సగం చింపుకుని, నిద్రపోతున్న దమయంతిని విడిచిపోయాడు. కర్కోటకుడనే పాము కాటుకి రూపం మారి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడనే రాజు కొలువులో రథం తోలాడు.

కలి నలుణ్ని వదిలిన తీరు నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. గడువు తీరి వదల్లేదు. ఋతుపర్ణుడు తొందర మీద ప్రయాణమై పోతూ, దారిలో ఒక తాండ్ర చెట్టుని చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేశాడు. నలుడు రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూస్తేగాని కదలనన్నాడు. లెక్క సరిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడి దగ్గర పాచికల మర్మం నేర్చుకున్నాడు. నేర్చుకున్న క్షణంలో కలి అతని ఒంట్లోంచి బయటపడ్డాడు. ఎందులో ఓడిపోయాడో అదే కూర్చుని నేర్చుకున్నాక పట్టినది వదిలింది. శపించబోతే కలి చేతులు జోడించాడు. నలుడు కోపం దిగమింగుకుని విడిచిపెట్టాడు.

ఆ తర్వాత నలుడు ఒకే మాటను ఇద్దరితో అంటాడు. దమయంతిని కలిసినప్పుడు, రాజ్యం పోవడమూ నిన్ను విడవడమూ నేను చేసింది కాదు, కలి చేసింది అంటాడు. రాజ్యం తిరిగి గెలిచాక పుష్కరుడితో, అప్పుడు నన్ను ఓడించింది నువ్వు కాదు, కలి, ఇంకొకరి తప్పు నీమీద వేయను అని చెప్పి, అతని వాటా అతనికిచ్చి పంపుతాడు.

మాట ఒక్కటే. దమయంతితో అన్నప్పుడు నాకు అది నొప్పి కలిగిస్తుంది. అడవిలో ఒంటరిగా లేచిన ఆవిడకి కావలసింది కలి పేరు కాదు కదా. పుష్కరుడితో అన్నప్పుడు అదే మాట నన్ను నిలబెట్టి నమస్కారం పెట్టిస్తుంది. తేడా ఎక్కడుంది? మొదటిచోట ఆ మాట తన తప్పుకి అడ్డం పెట్టుకున్నాడు. రెండోచోట ఎదుటివాడి తప్పుకి అడ్డం పెట్టాడు. తన మీదికి తిప్పుకుంటే అది సాకు, ఎదుటివాడి మీదికి తిప్పితే క్షమ. విధి అనండి, గ్రహం అనండి, పెంపకం అనండి, పరిస్థితులు అనండి, ఈ మాటలన్నింటికీ ఇదే తూకం వర్తిస్తుంది. పరిస్థితుల వల్ల అలా చేశాడని ఇంకొకరి గురించి అనుకోగలిగి, నేను మాత్రం చేయకుండా ఉండాల్సింది అని తన గురించి ఒప్పుకోగలిగితే, దాన్నే నేను పరిణతి అంటాను.

ఇదే మాటకి మూడో వాడకం ఉంది. అది క్రూరమైనది. ఆ పిల్లకి కుజదోషం, ఆ పిల్ల మూల నక్షత్రంలో పుట్టింది, ఆ కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదు. ఇక్కడ గ్రహం సాకూ కాదు, క్షమా కాదు, శిక్ష. మన వైపు లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో ఎక్కడ కుజుడున్నా దోషమంటారు. పన్నెండింట అయిదు ఇళ్లు. అంటే దాదాపు సగం మందికి ఉండే దాన్ని చూపించి ఒక్కో ఆడపిల్లని విడిగా నిలబెట్టి తప్పు మోపుతున్నాం. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం అరిష్టమని వణికారు. ఆ ఏడాదే గురజాడ "ముత్యాల సరాలు"లో ఆ చుక్కని సంఘ సంస్కరణకి ముందు నడిచే పతాకంలా చూశాడు. చుక్క ఒక్కటే. దానితో మనిషిని దగ్గరికి తీసుకుంటామా, దూరం పెడతామా అన్నది మన చేతిలో ఉంది. నూటపదేళ్లు దాటాక కూడా పెళ్లిచూపుల్లో ఒక పిల్ల కళ్లు దించుకుని తన జాతకం గురించి పరాయివాళ్లు మాట్లాడుకోవడం వింటోందంటే, మనం ఇంకా ఎదగలేదని ఒప్పుకోవాలి.

మళ్లీ మా ఇంటికి వస్తాను. 2016లో అమ్మకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో రాత్రి కాపలా ఒకనాడు నాది, ఒకనాడు అన్నయ్యది. మొదట్లో మందుల చీటీ చేతులు మారేది, మాట కలిసేది కాదు. ఒక తెల్లవారుజామున కాపలా మార్చుకోవడానికి అన్నయ్య గంట ముందే వచ్చాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి మూత నాకిచ్చి, తను ఫ్లాస్కుతోనే తాగాడు. వరండాలో ఎవరో నేల తుడుస్తున్నారు. నేను కాళ్లు పైకి పెట్టుకుని, నేలవంక చూస్తూ, "నాన్న సంవత్సరీకం నాడు నేనన్న మాట తప్పు అన్నయ్యా" అన్నాను. ఆ ఏడు మాటలు కూడగట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

అన్నయ్య ఇంకొంచెం టీ పోశాడు. "అప్పుడు నీకు ఏలినాటి శని నడుస్తోందటగా. అమ్మ చెప్పిందిలే" అన్నాడు.

మరుసటి ఏడు అమ్మ పోయాక ట్రంకుపెట్టెలో మా ఇద్దరి జాతకాలు దొరికాయి. పసుపు మరకలున్న కాగితాలు. అన్నయ్యది వృషభ రాశి, నాది తుల. 2012 కార్తీకంలో శని తులలో ఉన్నాడు. అన్నయ్యకి ఆరో ఇల్లు, శాస్త్రం ప్రకారం మంచి చోటు. ఏలినాటి శని నడిచింది నాకు. అమ్మకి అది తెలుసు. ప్రతి శనివారం నువ్వుల దీపం నాకోసమే పెట్టింది. అన్నయ్యతో నిజం చెప్పి, నాతో మాత్రం అన్నయ్యకి శని అని చెప్పింది. నేను అన్నయ్యని క్షమించాల్సిన పని ఉందని ఆమె అనుకోలేదేమో. మాట కలపడానికి నాకొక దారి కావాలని అనుకుని ఉంటుంది. గ్రహాలని నమ్మిన ఆ మనిషి, పిల్లలు కలుస్తారంటే గ్రహాన్ని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి జరిపేసింది. నేను చూసిన పరిణతి అది.

ఇప్పుడు మీరు ఏ రాశివారైనా, ఏ దశలో ఉన్నా, నమ్మినా నమ్మకపోయినా, ఒక్క మాట. మీతో కటువుగా మాట్లాడిన మనిషికి ఇవాళ శని నడుస్తోందనుకోండి. ఆ అనుమానం వల్ల మీకు పోయేదేమీ లేదు. మీరు కటువుగా మాట్లాడిన మనిషి దగ్గరికి మాత్రం గ్రహం పేరు తీసుకోకుండా వెళ్లండి. గడువు తీరేదాకా ఆగకండి.

నాకు అప్పుడు శని నడుస్తోందన్న మాట పంచాంగం ప్రకారం సరైనదే. ఆ మాట అన్నయ్య అనొచ్చు. నేను అనకూడదు.